సంచి మీద వాలిన పురుగులు

ఆత్మకూరు, ఫిబ్రవరి 1986, బుధవారం

చేజర్లలో వెంకటరెడ్డి వేరుశనగ చేనుకు పోయి, మగ రెక్కల పురుగుల్ని వాసనతో రప్పించి పట్టడానికి పోయిన వారం నేను కట్టిన లింగాకర్షక బుట్ట చూశాను. లద్దె పురుగు తాలూకు రెక్కల పురుగు ఒక్కటీ పడలేదు.

"అయితే మందు కొట్టను సార్. మీ మాట మీదే ఉండాను," అన్నాడు రెడ్డి.

కొట్టొద్దన్నాను. ఎంత ధీమాగా అన్నానో!

దీపాలు పెట్టే వేళ మా ఆవిడ వసారాలోంచి కేకేసింది. "ఏందండీ ఇది, మీ సంచి నిండా రెక్కల పురుగులుండాయి!"

పోయిన వారం బుట్ట కట్టి వచ్చాక ఆఫీసు బీరువాలో పెట్టి, ఈరోజే బయటికి తెచ్చిన సంచి అది. అడుగున ఆడపురుగు వాసన పట్టించిన కొత్త రబ్బరు ఎర కనిపించింది. అంటే బుట్టలో నేను పెట్టింది అదే సంచిలో ఉన్న, వాడేసిన పాతది. రెండూ చూడ్డానికి ఒకటే.

మగపురుగు మీసాల్లో ఒక ప్రోటీన్ ఆ వాసనను పట్టి నరం దాకా మోసుకుపోతుందని ట్రైనింగులో చెప్పారు. నాకు మాత్రం ఎరను ముక్కుకు ఆనించుకున్నా ఏమీ తెలియలేదు.

ఈ వారంలో రెడ్డి చేలో ఆడపురుగులు ఆకుల కింద ఎన్ని గుడ్లు పెట్టాయో! పొద్దున్నే మొదటి బస్సుకు పోయి చెప్పాలి. ఏ ముఖంతో చెప్పను?

సబ్బుతో చేతులు రెండుసార్లు కడుక్కున్నాను. అయినా ఇప్పుడే ఒక పురుగు వచ్చి, ఇది రాస్తున్న నా వేళ్ల మీద వాలింది.