లేదు దగ్గర టిక్కు

వదినకు,

ముందు ‘ప్రియమైన’ అని రాసి కొట్టేశాను. కొట్టేసినా కనపడుతూనే ఉంటుంది, చూసుకో. ఫోన్లోంచి నీ నంబరు తీసేసి రెండేళ్లయింది, మళ్లీ పెట్టుకోవడానికి మనసొప్పలేదు. పైగా ఫోనైతే నువ్వు కూడా మాట్లాడతావు. ఉత్తరంలో ఆ గొడవ లేదు, నేనొక్కదాన్నే వాగొచ్చు.

మా పళ్ళ డాక్టరు గారు పోయిన నెల క్లినిక్ మూసేశారు. చేతులు వణుకుతున్నాయట, అలాంటి చేతుల్ని జనం నోట్లో పెట్టకూడదట. పద్నాలుగేళ్లు ఆయన గుమ్మంలో బల్ల వేసుక్కూర్చున్నదాన్ని, నలభై తొమ్మిదేళ్లకు రోడ్డున పడ్డాను. ఇప్పుడేం చేస్తున్నానో చెబితే నవ్వుతావు. పెద్దవాళ్లకు ఆరోగ్య బీమా అమ్మడానికి లైసెన్సు పరీక్షకు చదువుతున్నాను. అవును తల్లీ, నీ పనే. ఎవరి పేరు చెబితే రెండేళ్లుగా నా కడుపు మండిపోతోందో వాళ్ల దారే పట్టాను. నా రాత అలా తగలడింది.

మందుల షాపు మేడ మీద క్లాసు. పద్దెనిమిది ప్లాస్టిక్ కుర్చీలు, అందులో ఒకటి కుంటిది, ఆలస్యంగా వచ్చినవాళ్లకు అది రాసిపెట్టి ఉంటుంది. నా పక్కన రిటైరైన పెద్దాయన ఒకాయన కూర్చుంటాడు. ఎవరూ అడక్కపోయినా రోజూ టై కట్టుకొస్తాడు కాబట్టి అందరం టై బాబాయి అంటాం. యాభై ప్రశ్నలు, గంట టైము. ఆయన నిబంధనలన్నీ బట్టీపట్టి, క్లాసు గుమ్మం దిగేలోపు మర్చిపోతాడు. నాకు మాత్రం ఏడో పాఠం ఒక్కటీ అక్షరం పొల్లుపోకుండా వచ్చేసింది. ఏడో పాఠం ఏమిటో నీకు చెప్పాలా? ‘ముందునుంచీ ఉన్న జబ్బులు’. ఫారంలో అవి దాస్తే ఆ తర్వాత కంపెనీ ఆస్పత్రి ఖర్చు ఇవ్వనక్కర్లేదు. ప్రతి ప్రశ్నా కొనేవాళ్లకు అర్థమయ్యే మాటల్లో అడిగి జవాబు రాయించాల్సింది ఏజెంటే. ఆ వాక్యం కింద రెండు గీతలు గీశాను.

అమ్మ ఫారం నింపింది నువ్వు. ‘బీపీ: ఉంది / లేదు’ అన్న చోట లేదు దగ్గర టిక్కు పెట్టింది నువ్వు. అప్పటికే అమ్మ తొమ్మిదేళ్లుగా బీపీ మాత్ర వేసుకుంటోంది వదినా! ఆ టిక్కు చూపించే కదా, అమ్మ పక్షవాతంతో నోరు పడిపోయి ఆస్పత్రిలో ఉంటే కంపెనీవాళ్లు ఒక్క పైసా కూడా ఇచ్చేది లేదన్నారు. మంచి ఆస్పత్రిలోంచి తీసుకొచ్చి, ముగ్గురికొక నర్సు కూడా లేని వార్డులో పడేశాం. పదకొండో రోజున పోయింది.

పళ్ళు పీకించుకోవడానికి వచ్చినవాళ్లను కూడా నేను రెండు ప్రశ్నలు అడిగేదాన్ని. జబ్బులేమైనా ఉన్నాయా, మందులేమైనా వాడుతున్నారా అని. మొదటిదానికి అందరూ లేదనే అంటారు. మాత్ర వేసుకుంటున్నాక ఇంక జబ్బెక్కడుంది అని వాళ్ల లెక్క. రెండోది అడిగితే సంచిలోంచి డబ్బా తీసి చూపిస్తారు. పళ్ళ డాక్టరు గుమస్తాకున్నపాటి బుద్ధి నీకు లేకపోయిందా, లేక ఉన్నా కమిషన్ కోసం మింగేశావా?

ఆస్పత్రి వరండాలో అందరి ముందూ ‘మా అమ్మను చంపావు’ అన్నాను. నువ్వు మాట్లాడలేదు. ఆ మాట ఇప్పుడూ వెనక్కి తీసుకోను. పరీక్ష పాసైన రోజే నీ లైసెన్సు తీసేయమని ఫిర్యాదు పెడతాను. ఏ నిబంధన కింద పెట్టాలో కూడా చదువుకున్నాను. నీకు ముందుగా చెప్పి మరీ పెడుతున్నాను, దొంగచాటుగా కాదు.

ఇట్లు,
నీ ఆడపడుచు
(ఇంకా అలా అనుకుంటుంటే)

*

ప్రియమైన వదినా,

ఈసారి కొట్టేయలేదు.

నా మొదటి ఉత్తరానికి నువ్వు జవాబివ్వలేదు. మంచిదే అయింది. ఇచ్చి ఉంటే దానిమీద ఇంకో నాలుగు పేజీలు తిట్టేదాన్ని, ఇది రాసేదాన్ని కాదు.

నిన్న క్లాసులో సారు మా చేత నాటకం ఆడించారు. ఒకరు ఏజెంటు, ఒకరు ముసలావిడ, ఒకరు ఆ ముసలావిడ కూతురు. ‘ఇంట్లోవాళ్లు పక్కనుంచి జవాబులు అందిస్తుంటారు. వాళ్ల మాట రాయకూడదు. కొనేవాళ్ల నోటితోనే చెప్పించాలి. అది మీకు నేర్పడానికే ఇది’ అన్నారు. ఏజెంటు టై బాబాయి. నాకు కూతురి వేషం వచ్చింది. నా పనల్లా, ఆయన బీపీ ఉందా అని అడగ్గానే మధ్యలో దూరి ‘లేదు లేదు’ అనడం.

బాబాయి టై సర్దుకుని, ముసలావిడగా కూర్చున్నావిడ వైపు వంగి, ‘బీపీ ఉందామ్మా?’ అన్నాడు. అందరూ నావైపు చూశారు. సారు ‘అనండమ్మా, రెండు ముక్కలేగా’ అన్నారు. అనలేక లేచి బయటికొచ్చేశాను. ఒంట్లో బాగాలేదనుకున్నారు. బాబాయి వెనకే వచ్చి మంచినీళ్లిచ్చి, ‘నా డైలాగు అంత ఘోరంగా ఉందా అమ్మా?’ అన్నాడు పాపం.

ఆ రెండు ముక్కలు నేను ఒకసారి అన్నాను కదా వదినా. నీకు తెలుసు. ఫారం నింపిన రోజు నువ్వూ అమ్మా ముందు గదిలో, నేను వంటింట్లో. నువ్వు అడిగావు. అమ్మ జవాబు చెప్పేలోపు నేనే అరిచాను, ‘లేదు లేదు, అమ్మకేం లేదు, కానివ్వు వదినా!’ అని.

క్లినిక్‌కు టైమవుతోంది, తొందరలో నోరు జారాను అని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. బీపీ ఉందంటే పాలసీ ఇవ్వరని అంతకు ముందురోజే పక్కింటావిడ అంది. అది మనసులో పెట్టుకునే అన్నాను. ఊళ్లో అందర్నీ రెండో ప్రశ్న అడిగినదాన్ని, నా ఇంట్లో మొదటిదానికే అబద్ధం చెప్పాను. వరండాలో నీమీద అంత గట్టిగా అరిచింది కూడా అందుకే. నువ్వు నోరు తెరిచి ‘నువ్వేగా చెప్పావు’ అంటావేమోనని హడలిపోయి, నువ్వు అనేలోపే నేను అనేశాను. నువ్వు అనలేదు. రెండేళ్లు అన్నయ్యకు కూడా చెప్పలేదు. అన్నయ్య ఇప్పటికీ నీదే తప్పనుకుంటున్నాడు.

అమ్మను చంపింది నేను. ఇందులో నీకు ఏ పాపమూ లేదు. ఫిర్యాదూ లేదు, ఏమీ లేదు. పరీక్ష వచ్చే వారం. రాయడానికి నాకేం అర్హత ఉంది? మానేద్దామనుకుంటున్నాను. నన్ను క్షమించమని అడగడానికి ముఖం చెల్లడం లేదు, అయినా అడుగుతున్నాను.

నీ పొట్టి

*

పొట్టీ,

రెండు ఉత్తరాలూ అందాయి. మొదటిది చదివి ఏడవలేదు. రెండోది చదివి ఏడ్చాను, నువ్వనుకుంటున్నందుకు మాత్రం కాదు.

నువ్వు వంటింట్లోంచి అరిచింది నిజమే. ఆ తర్వాత ఏం జరిగిందో నీకు తెలీదు, కుక్కరు కూస్తోంది. అత్తయ్య నా చెయ్యి పట్టుకుని, ‘మాత్ర వేసుకుంటున్నానమ్మా రోజూ, అది రాయక్కర్లేదా?’ అని అడిగింది. ఆవిడే అడిగింది నన్ను. నాకు స్పష్టంగా వినపడింది. అది నెలాఖరు. ఇంకొక్క పాలసీ అయితే ఆఫీసులో నా పేరు బోర్డు మీదకెక్కుతుంది. ‘మీ అమ్మాయి లేదంటోందిగా అత్తయ్యా’ అని టిక్కు పెట్టాను. ‘సరేలే, మీ ఇద్దరికీ తెలిసినంత నాకేం తెలుసు’ అని, నేను చూపించిన చోట సంతకం చేసింది.

వరండాలో నేను మాట్లాడకపోవడం నా గొప్పతనం కాదు. నీ సగం బయటపెడితే నా సగం కూడా చెప్పాలి. తిట్లు తింటే తేలిగ్గా పోతుందనుకున్నాను. పోలేదు. అందరూ నన్ను ఓర్పు గల మనిషినంటుంటే వినడం నువ్వు తిట్టినదానికన్నా కష్టంగా ఉంది.

క్షమించమన్నావు. నా దగ్గర అది లేదు, నాకే కావాలి. అమ్మను చంపింది నేనొక్కదాన్నేనని నువ్వు రాస్తే నాకు ఒళ్లు మండింది. ఎప్పుడు చూడు మొత్తం తప్పు ఎవరో ఒకరి నెత్తిన పెట్టేయాలి నీకు. మొదట నామీద, ఇప్పుడు నీమీద.

నామీద ఫిర్యాదు కాగితం నేనే నింపి సంతకం చేసి ఇందులో పెట్టాను. అత్తయ్య అడిగిన మాట కూడా రాశాను. సాక్షి గడి ఖాళీగా ఉంచాను. అందులో నువ్వు రాస్తే నువ్వన్న మాట కూడా రాయాల్సి ఉంటుంది, అప్పుడు నీకు లైసెన్సు ఇస్తారో ఇవ్వరో తెలీదు. రాయకపోతే చింపెయ్. నేను మళ్లీ అడగను. పరీక్ష మాత్రం రాయి.

మీ వదిన

*

వదినా,

పరీక్ష రాశాను. నలభై మూడు వచ్చాయి. టై బాబాయికి నలభై ఆరు, మెట్లమీదే ఏడ్చేశాడు.

ముప్పై ఏడో ప్రశ్న మనదే. రోజూ బీపీ మాత్ర వేసుకుంటూ, ఇప్పుడు బాగానే ఉన్నానని చెప్పే పెద్దావిడ ఫారంలో ఏం రాయాలి? సరైనదే పెట్టాను. ఒక మార్కు.

ఇంటికొచ్చి నీ కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. రెండు రోజులు అలా బల్లమీదే ఉంది, దానిమీదే టీ గ్లాసు కూడా పెట్టాను, మరక పడింది, తిట్టుకోకు. ఇవాళ పొద్దున సాక్షి గడిలో నా పేరు రాసి, వంటింట్లోంచి ఏమన్నానో అక్షరం మార్చకుండా రాశాను. లైసెన్సు వస్తుందో రాదో నాకూ తెలీదు. భయంగానే ఉంది. అన్నయ్యకు కూడా ఇవాళే ఫోన్ చేసి చెప్పేశాను.

అన్నిటికన్నా కింద ఇంకో ప్రశ్న ఉంది, నువ్వు చూశావో లేదో. ‘జరిగిన నష్టంలో సాక్షికి ఏమైనా పాత్ర ఉందా? ఉంది / లేదు’.

ఈసారి ఉంది దగ్గర టిక్కు పెట్టి ఫిర్యాదుల ఆఫీసుకు పోస్టు చేసొచ్చాను.

నీ పొట్టి