నల్ల మూలల గ్రీటింగ్ కార్డు

డిసెంబర్ 19, 1982. జనగామ.
కరుణ కొడకండ్లలో పుట్టింట్లో కూర్చుని నెల దాటింది. కారణం: పప్పులో ఉప్పు. అవ్వ కోడలిని ఒక మాటంది, కరుణ రెండన్నది, నేను మధ్యలో పేపరు చదువుకున్నాను. పోతూ పోతూ నాతో అన్నది: "ఎన్నడన్న నాకోసం నీ చేతులతోని ఒక్క పని చేసినవా?"
చేస్తాను. వారపత్రికలో పడింది, ఇంట్లోనే గ్రీటింగ్ కార్డులు, పది నిమిషాల్లో. ఎంత తేలిక! బంధువులందరికీ ఇరవై ఐదు. మొదటిది కరుణకు. అది చూసి కొత్త సంవత్సరానికి ఇంట్లో ఉండాలి ఆమె.
కొన్నవి: డ్రాయింగ్ షీట్లు, రంగులు, చమ్కీ, బంగారు కాగితం, ఇండియన్ ఇంకు.

డిసెంబర్ 20
షీట్లు కత్తిరించాను. ఏ రెండూ ఒక సైజులో లేవు. చేతిపని అందం అదే.
అవ్వ వచ్చి చూసింది. "పోయినేడు కొన్న హార్మోనియం అటకెక్కింది. గిది ఎన్నడెక్కుతది కొడుకా?"
కళాకారుడికి ఇంట్లో విలువ ఉండదు.

డిసెంబర్ 21
గులాబీ వేశాను. అవ్వ గోబిగడ్డ అనుకున్నది. చిలక వేశాను. కోడి అన్నది. కోడి అయినా శుభమే.
ఆలోచిస్తే బంధువుల్లో సగం మంది మనకేం పంపారని? పది చాలు.

డిసెంబర్ 22
ఆఫీసులో ఆడిట్. కార్డులు ముట్టలేదు. రంగులు ఆరనివ్వడం కూడా పనే.

డిసెంబర్ 23
బంక అయిపోయింది. అన్నం మెతుకులతో బంగారు కాగితం అతికించి పడుకున్నాను. రాత్రి పదకొండింటికి లేచి చూసేసరికి ఎలుకలు భోంచేశాయి. ఒక్క కార్డు మిగిలింది.
పోనీ. బంధువులకు నేను చేస్తున్నట్టు తెలియదు కాబట్టి బాధపడరు. అసలు కావలసింది ఒక్కటే కదా.

డిసెంబర్ 24
మిగిలిన కార్డు నాలుగు మూలలా మెతుకు మరకలు. ఇండియన్ ఇంకుతో నాలుగింటినీ నున్నగా, నల్లగా దిద్దాను. భలే హుందాతనం వచ్చింది. లోపల రాశాను: "కరుణా, నువ్వు లేక పప్పు చప్పగుంది. నేను కూడ చప్పగనే ఉన్న. రా."
కవరు కోసం మళ్లీ బజారుకెవరు పోతారు? మడిచి, అంచు అతికించి, మామ అడ్రసు రాసి, స్టాంపు వేశాను. పోస్ట్‌మన్ ఉప్పలయ్య ఎదురైతే అతని చేతికే ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసి నా భుజం మీద చెయ్యి వేశాడు.
"ధైర్నంగ ఉండన్నా. మన చేతుల ఏమున్నది?"
పెళ్లాం అలిగిన సంగతి ఊరంతా తెలిసిపోయినట్టుంది.

డిసెంబర్ 27
పరువు పోయింది.
భోజనానికి ఇంటికొచ్చేసరికి వాకిట్లో జీపు ఆగింది. మామ దిగాడు. కరుణ దిగుతూనే కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని శోకం తీసింది.
"అత్తమ్మా, నా మాట మనసుల పెట్టుకొనే పోతివా. నాకు జరమొస్తే రాత్రంత నీ ఒళ్లె పండవెట్టుకుంటివి గదా. ఇగ నన్నెవరు తిడ్తరత్తమ్మా."
అవ్వ అరుగు మీద బియ్యంలో రాళ్లేరుతోంది. చేట పక్కన పెట్టి శ్రద్ధగా విన్నది. నేను నోరు తెరవబోతే చెయ్యెత్తి ఆపింది.
"ఆగురా. చెప్పనియ్యి."
కరుణ కొంగు తీసి చూసింది. అవ్వను చూసి కెవ్వుమన్నది.
మామ నన్ను పట్టుకున్నాడు. "మూలలకు నలుపు పెట్టి ఉత్తరమేస్తే సావు కబురు గాదా? ఇప్పక ముందే వాకిట్లనే చింపిన. పైన అడ్రసు రాత నీదాయె, అంటే నువ్వు బతికే ఉన్నవ్. ఇగ పోయింది మీ అవ్వనే అనుకున్నం."
అలాంటి ఉత్తరం గడప దాటనివ్వరని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఇంకు పూస్తున్నప్పుడు మాత్రం తెలియలేదు.
"బండెక్కు బిడ్డా, పోదాం," అన్నాడు మామ.
నా ప్రాణం పోయింది. కరుణ ఎక్కలేదు. అరుగెక్కి అవ్వ ఒళ్లో తల పెట్టింది. ఇద్దరూ ఏడ్చారు. నేనూ ఏడ్చాను. ఎవరూ పట్టించుకోలేదు.

జనవరి 1, 1983
కరుణ ఇంట్లోనే ఉంది. అనుకున్నది అనుకున్నట్టే జరిగింది. పప్పులో ఉప్పు ఎక్కువైనా అత్తాకోడళ్లు బాగుందంటే బాగుందనుకుంటున్నారు.
నాతో మాత్రం ఇద్దరూ మాట్లాడటం లేదు. బతికుండగానే చంపానని అవ్వకు కోపం. వాడకట్టంతా చూస్తుండగా ఏడిపించానని కరుణకు కోపం. నేను వంటింట్లోకి పోతే మాటలు ఆగిపోతాయి.
అందుకే రేపటి నుంచి మళ్లీ కార్డులు. ఈసారి రెండే. అవ్వకొకటి, కరుణకొకటి.
అవ్వకు చదువు రాదు. కరుణ చదివి వినిపిస్తుంది. అంటే ఒక్కటి చాలు.