నా వాటా వేడినీళ్ళు

నవంబర్ 27

ఈ ఏటి చలి ముందే వచ్చింది. నమాజుకి ముందు చేతులూ కాళ్ళూ కడుక్కుని వజూ చేస్తుంటే వేళ్ళు నావి కానట్టున్నాయి.

కరెంటు గీజరు కాలిపోయి ఇది రెండో చలికాలం. బాగుచేయిద్దాం, బాగుచేయిద్దాం అంటూనే నాన్న ఆగస్టులో వెళ్ళిపోయారు. తెల్లవారుజామున ఫజర్ నమాజుకి లేచి కిరోసిన్ పొయ్యి మీద కెటిల్ పెట్టుకుంటున్నాను. ఈ రోజు కాగేదాకా ఆగలేదు. చన్నీళ్ళే పోసుకున్నాను.

అల్‌హమ్దులిల్లాహ్. నీళ్ళంటూ ఉన్నాయి.

నవంబర్ 30, శుక్రవారం

జుమా నమాజు తర్వాత తమ్ముడు వస్ఫీ, వాడి భార్య ఖులూద్ పై వాటా నుంచి కిందికి భోజనానికి వచ్చారు. మాంసం, కూరగాయలు, అన్నం కలిపి మఖ్లూబా చేశాను. పళ్ళెంలో బోర్లిస్తే ఒక్క మెతుకు జారలేదు. వస్ఫీ చప్పట్లు కొట్టాడు.

చప్పట్లంటే గుర్తొచ్చిందని పెళ్ళానికి పాత కథ చెప్పాడు. మా అక్క నమాజులో ఉంటే ఇల్లంతా మనదే అనుకునేవాణ్ణే, జామ్ సీసా మీద చెయ్యి పడీ పడకముందే వెనకనుంచి ఠప్ మని చేతులు చరిచేది, ఈమెకి వీపున కూడా కళ్ళుండేవి అన్నాడు. ఆడది నమాజులో నోరు విప్పకూడదు గానీ ఎవరినైనా హెచ్చరించాలంటే చేతులు చరచవచ్చు కదా, దాన్ని మా అక్క వాడినంతగా ఈ అమ్మాన్‌లో ఇంకెవరూ వాడి ఉండరు అన్నాడు. ఒకసారి పొయ్యి మీది నూనె మూకుడు లాక్కోబోయాడట. ఆ చప్పుడుకి బెదిరి వెనక్కి పడ్డాడట. లేకపోతే ఈ మొహాన్ని నువ్వు చేసుకునేదానివా అని ఖులూద్‌ని అడిగాడు. ఇప్పుడు మాత్రం ఏం గొప్పగా ఉందని చేసుకున్నాను అంది ఆమె. అందరం నవ్వాం.

నవ్వు ఆగాక అసలు సంగతి చెప్పాడు. నాన్న పోయి మూడు నెలలు దాటింది. ఇంట్లో చెల్లెలు మైసూన్ భాగం, నా భాగం వదులుకుంటున్నట్టు కోర్టులో సంతకం పెడితే ఇల్లు ఒక చేతి కింద ఉంటుందట. కాగితం మీదే అక్కా, నువ్వు ఉన్నచోటే ఉంటావు, నిన్ను కదిపేదెవరు అన్నాడు. ఇంటిమీద సోలార్ హీటర్ పెట్టిస్తాడట. నీ బాత్‌రూముకీ వంటింటికీ పైపు వేయిస్తాను, ఫజర్‌కి నీ చేతులు ఇలా నీలంగా ఉండటం నేను చూడలేను అన్నాడు.

నా చేతులు పట్టుకుని అన్నాడు.

డిసెంబర్ 2

ఇర్బిద్ నుంచి మైసూన్ ఫోన్ చేసింది. అరిచింది. వాడికి ఇల్లు, నీకు వేడినీళ్ళా, నీళ్ళు ఎలాగూ వాడి ఇంటిమీదే కాగుతాయి కదా అంది. చిన్నప్పుడు వాడు మూతి ముడిస్తే నీ పళ్ళెం వాడి ముందుకు తోసేదానివి, ఇప్పుడూ అదే చేస్తున్నావు అంది.

కాసేపటికి చల్లబడింది. పెద్దదానివి నువ్వు పెట్టాక నేను పెట్టకుండా ఉండగలనా, మా ఆయనే అంటాడు, వీధి మొత్తం నన్నొక్కదాన్నే ఆశపోతు అంటుంది అంది. అక్కా, నువ్వు వద్దంటే నేనూ వద్దంటాను, ఒక్క మాట చెప్పు అంది.

చూద్దాం అన్నాను.

డిసెంబర్ 12

సంతకం పెట్టాను. మైసూన్ కూడా. నావైపు చూడలేదు.

ఖాజీ గారు నెమ్మదైన మనిషి. ఇష్టపూర్వకంగానేనా అమ్మా అని అడిగారు. అవునన్నాను. ఎవరైనా ఒత్తిడి చేశారా అన్నారు. లేదన్నాను. అబద్ధం కాదు. ప్రేమగా అడిగాడు, అంతే.

భాగం వదులుకున్న ఆడపడుచుకి తృప్తి కోసం ఏదో ఒకటి ఇవ్వాలి. దాన్నే రద్వా అంటాం. మా పిన్నికి గాజుల జత ఇచ్చారు. మైసూన్ వాళ్ళ అత్తగారికి కుట్టు మిషను. నాకు వేడినీళ్ళు.

జనవరి 8

సోలార్ వచ్చింది. గాజు గొట్టాలు వరసగా, వాటి నెత్తిన పీపా. బిగించినవాడు అబూ జుహ్దీ. లావుపాటి మనిషి, గొంతు అంతకన్నా లావు. మెట్లెక్కుతూనే మా వీధిలో ఎవరి హీటర్ తుక్కో, ఎవరి ఆవిడ దాన్ని పాడుచేసిందో అన్నీ చెప్పాడు. మా కాఫీలో యాలకులు తక్కువయ్యాయని కూడా చెప్పాడు.

దిగేముందు వస్ఫీని పిలిచి హెచ్చరించాడు. వారానికోసారి వీధిలోకి వచ్చే నీళ్ళ వంతు తప్పి పీపా ఎండిపోయిందనుకో, ఎండ ఉండగా చన్నీళ్ళు వదలొద్దు, గొట్టాలు లోపల నిప్పులా ఉంటాయి, పెళ పెళ పగులుతాయి, పొద్దు గుంకి మగ్రిబ్ అయ్యాక వదులు, మళ్ళీ అబూ జుహ్దీ చెప్పలేదనొద్దు అన్నాడు. వస్ఫీ ఫోన్‌లో ఉన్నాడు. సరే సరే అని చెయ్యి ఊపాడు.

పక్కన కాఫీ ట్రే పట్టుకుని నేను నిలబడి ఉన్నాను.

నా పైపు మెట్ల మలుపు దాకా వచ్చి ఆగింది. చివర బిరడా బిగించారు. మిగతాది ఈ వారంలోనే అన్నాడు వస్ఫీ.

జనవరి 19

ఈ వారం కాదు.

ఫిబ్రవరి 3

మంచు పడబోతోందని రేడియోలో చెప్పారు. పైన ఖులూద్ స్నానం చేస్తే ఆ నీళ్ళు నా వంటింటి గోడలోంచి కిందికి పోతాయి. గోడ కాసేపు వెచ్చగా ఉంటుంది. ఈ రోజు ఆ గోడకి చేతులు ఆనించి నిలబడ్డాను.

ఫిబ్రవరి 4

సిగ్గేసింది. ఇంకెప్పుడూ అలా నిలబడను.

ఫిబ్రవరి 17

ఖులూద్ రోజూ పొద్దున్న ఫ్లాస్కుతో వేడినీళ్ళు పంపుతోంది. మంచిదే. పక్కింటి ఉమ్ రాషిద్ ముందు మాత్రం, వదినకి నేను వేడినీళ్ళు పంపని రోజు లేదు అంది. ఉమ్ రాషిద్ అల్లాహ్ నీకు మేలు చేస్తాడమ్మా అని దీవించింది.

నేనూ ఆమీన్ అన్నాను.

మార్చి 9

వచ్చింది!

అబూ జుహ్దీ మనుషులు రెండు పూటల్లో పని ముగించేశారు. వంటింట్లో, బాత్‌రూములో కొత్త కుళాయిలు. బాత్‌రూము గోడకి తెల్ల టైల్స్ కూడా వేశారు. అవి నేనడగలేదు. వస్ఫీ నవ్వి, అడిగితే ఇచ్చేవాడు తమ్ముడెలా అవుతాడు అన్నాడు.

మార్చి 10

ఫజర్.

కుళాయి తిప్పాను. ముందు చల్లగా, తర్వాత గోరువెచ్చగా, ఆపైన వేడిగా. మోచేతుల దాకా పోసుకున్నాను. పాదాలకి పోసుకున్నాను. ఏడుపొచ్చింది. ఇంత చిన్నదానికి.

సజ్దాలో నుదురు నేలకి ఆనించి ముందు వస్ఫీ కోసం దుఆ చేశాను. వాణ్ణి అనుమానించినందుకు క్షమించమన్నాను. మైసూన్‌కి ఫోన్ చేసి చెప్పాలనుకున్నాను. చేయలేదు. తను ఎత్తదు.

మార్చి 24

సాయంత్రం అసర్ వేళకి వస్ఫీ ఎవరో దంపతులను తీసుకొచ్చాడు. ఆయనకి మందుల దుకాణం ఉందట. ఆవిడ చెప్పులు విప్పకుండానే వంటింట్లోకి వెళ్ళింది. అల్మారాలు తెరిచింది. బాత్‌రూములో వేడి కుళాయి తిప్పి చెయ్యి పెట్టి చూసింది. కరెంటు బిల్లు లేకుండా పన్నెండు నెలలూ వేడినీళ్ళు, ఈ కొండ మీద ఇలాంటి పోర్షను దొరకదు అన్నాడు వస్ఫీ.

టైల్స్ కొత్తవే అంది ఆవిడ మొగుడితో. ఈమె ఎవరు అని కూడా ఆయన్నే అడిగింది.

మా అక్క, ఇల్లు చూసుకుంటూ ఉంటుంది అన్నాడు వస్ఫీ.

టీ పెట్టాను. తాగి వెళ్ళారు.

మార్చి 25

పొద్దున్నే వచ్చి కూర్చున్నాడు. మందులాయన రమజాన్‌కి ముందే నా వాటాలో అద్దెకి దిగుతానంటున్నాడట. పిల్లల చదువులు, ఖులూద్ ఖర్చులు, టైర్ల దుకాణంలో బేరాల్లేవు. నీకు చెప్పకుండా చేస్తానా అక్కా అన్నాడు. చేసినట్టే చెబుతున్నాడు.

నేనెక్కడ ఉండాలి అన్నాను.

డాబా మీద గది ఉంది కదా, సున్నం కొట్టిస్తాను అన్నాడు. ఆలివ్ జాడీలు, పావురాల బోనులు పెట్టే గది. బాత్‌రూము లేదు. దానికేం, మా దగ్గరికి దిగి రా అన్నాడు. తర్వాత నన్ను నవ్వించాలని, పైగా సోలార్ పక్కనే ఉంటావు, అందరికన్నా ముందు నీకే వేడినీళ్ళు అన్నాడు.

నేను నవ్వలేదు. వాడే నవ్వుకున్నాడు.

కాగితం మీదే అన్నావు కదా అన్నాను. అవును అక్కా, మరి ఇల్లంతా కాగితం మీదే కదా ఉంది అన్నాడు.

మార్చి 26

మైసూన్‌కి చెప్పాను. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. నేను ఆ రోజు ఒక్క మాట అడిగాను నిన్ను అంది. పెట్టేసింది.

ఏప్రిల్ 16

నీళ్ళ వంతు ఈ రోజు. రాలేదు. కింది వీధిలో పెద్ద పైపు పగిలిందట. ఖులూద్ పండగకి ముందే తివాచీలన్నీ కడిగి డాబా ట్యాంకు ఖాళీ చేసి కూర్చుంది.

ఏప్రిల్ 23

ఈ మంగళవారం కూడా రాలేదు. తాగడానికి, వంటకి ట్యాంకరు నీళ్ళు డ్రమ్ముల్లో నింపుకున్నాం. డాబా మీదికి ఎవరు మోస్తారు.

ఏప్రిల్ 27

ఆ గదిలో జాడీలు సర్దడానికి డాబా ఎక్కాను. సోలార్ పీపా గొట్టంలోంచి రెండు రోజులుగా ఆవిరి వస్తూ ఉంది. ఈ రోజు లేదు. పీపా తట్టి చూశాను. డొల్ల.

వస్ఫీకి చెప్పాను. హీటర్ ఎండిపోయింది, నీళ్ళొచ్చినప్పుడు అబూ జుహ్దీ చెప్పినట్టు మగ్రిబ్ దాకా అన్నానో లేదో, నువ్వు తస్బీహ్ పూసలు తిప్పుకో అక్కా, పైపుల సంగతి మగాళ్ళు చూసుకుంటారు అన్నాడు. మూటలు కట్టుకున్నావా అని అడిగాడు.

కట్టుకున్నాను. నాలుగే.

ఏప్రిల్ 30

మందులాయన భార్య మధ్యాహ్నం జొహర్ వేళకి వచ్చింది, అడ్వాన్సు ఇవ్వడానికి. వెంట వాళ్ళ అత్తగారు. ఇల్లు చూడాలని ఆవిడే పట్టుబట్టిందట. అజాన్ అయింది. నేను వెనక గదిలో, నా మూటల మధ్య నమాజుకి ముసల్లా చాప పరుచుకుని నిలబడ్డాను.

అన్నీ వినిపిస్తూనే ఉన్నాయి. అత్తగారు వేడి కుళాయి తిప్పింది. కుళాయి దగ్గినట్టు గాలి ఊదింది. ఇదేనా నువ్వు చెప్పిన పన్నెండు నెలల వేడినీళ్ళు, మా ఇంటి కుళాయి కూడా ఇంతకన్నా బాగా దగ్గుతుంది అంది కోడలితో. వస్ఫీ కంగారుగా, అరగంట క్రితమే వీధిలోకి నీళ్ళొచ్చాయి ఖాలా, ఇదిగో మోటారు వేస్తున్నాను, ఐదు నిమిషాలు కూర్చోండి అన్నాడు. నా కిటికీ కిందే మోటారు. స్విచ్చు వేశాడు. పైన పీపాలోకి నీళ్ళు వదలడానికి మెట్లెక్కుతూ నా గది గుమ్మం దాటాడు. తలుపు తెరిచే ఉంది.

బయట ఎండ తెల్లగా మండుతోంది.

చేతులు చరిస్తే చాలు. కుడి చేతి వేళ్ళు ఎడమ చేతి వెనక మీద ఒక్కసారి. ఆగేవాడు. ఈ ఇంట్లో ఆ చప్పుడుకి అర్థం తెలిసినవాడు వాడొక్కడే.

నేను సజ్దాలోకి వెళ్ళాను. లేవలేదు. సుబ్‌హాన రబ్బియల్ ఆలా అన్నాను. మళ్ళీ అన్నాను. పైన గాజు పగిలింది. టీ గ్లాసుల పళ్ళెం చేజారినట్టు. కాసేపాగి ఇంకొకటి. తర్వాత అన్నీ కలిసి. వస్ఫీ అరిచాడు. నేను ఇంకా నుదురు నేలకి ఆనించే ఉన్నాను.

సలాం చెప్పి నమాజు ముగించి లేచేసరికి మెట్ల మీదనుంచి నీళ్ళు వస్తున్నాయి. అత్తాకోడళ్ళు చెప్పులు తడవకుండా గౌనులు ఎత్తి పట్టుకుని గుమ్మం దాటుతున్నారు. అడ్వాన్సు ఆవిడ సంచీలోనే ఉంది. పండగయ్యాక చూద్దాంలే అంది.

వస్ఫీ దిగివచ్చాడు. చెంప మీద పొడుగ్గా గీత. రక్తం చొక్కా మీదికి కారుతోంది. కంటికి ఎంత దగ్గర.

కెటిల్ పెట్టాను. నీళ్ళు గోరువెచ్చగా అయ్యాక గుడ్డ తడిపి తుడిచాను. చిన్నపిల్లాడిలా మొహం పైకెత్తి కూర్చున్నాడు. ఆ లావువాడు ఏదో చెప్పాడు కదా ఆ రోజు, నీకు గుర్తు లేదా అక్కా అని అడిగాడు. నమాజులో ఉన్నాను అన్నాను.

నా చేతుల వైపు చూశాడు. చాలాసేపు చూశాడు.

మే 1

చన్నీళ్ళతో వజూ. నిన్నటి జొహర్ నమాజు మళ్ళీ చేశాను. యా అల్లాహ్, ఆ సజ్దా నీకు చేసింది కాదు.