పాప కోసం తేర్చిన నీళ్ళు

జూన్ 12, గురువారం రాత్రి

ఆయన దగ్గు కాస్త తగ్గింది. కొడుక్కి జ్వరం లేదు. కోడలు లతకు కడుపునొప్పి పోయింది. నాకు కాళ్ళు ఎప్పటిలాగే గుంజుతున్నాయి. ఉప్పల్‌లో కూతురు సరోజ, దాని ఆరు నెలల పాప బాగానే ఉన్నారట.

ఇక్కడ నాచారంలో బోరు నీళ్ళు ఎర్రగానే వస్తున్నాయి. ఆదివారం పాప వస్తుందని, నీళ్ళు తేరడానికి నిన్న మునగ గింజలు దంచి బిందెలో కలిపాను. మడ్డి దిగాక వడగట్టి కాచాను. బిందె అడుగు కనిపించింది. ఆదివారం దాకా ఉంటాయనుకుని మూత పెట్టాను. ఈ సాయంత్రం మూత తీస్తే ఒకటే వాసన.

"నీళ్ళేమన్న మామిడికాయ తొక్కా అత్తమ్మా, నిల్వ పెట్టనీకి?" అని లత నవ్వింది. "గింజలేసిన నీళ్ళు ఏ రోజువి ఆ రోజే తాగాలె."

మొత్తం పారబోశాను. అప్పుడే సరోజ ఫోన్ చేస్తే లత వాసన సంగతి చెప్పేసింది.

"వస్తనే అమ్మా, ఫికర్ జెయ్యకు. పాపకు నీళ్ళు నేనే తెచ్చుకుంట."

సరే బిడ్డా అన్నాను. ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. ఆదివారం పొద్దున మళ్ళీ గింజలు దంచాలా, వద్దా...

ఆదివారం పదకొండింటికి వస్తారు.