వంతెన దూలానికి అంటించిన గాజు

నాందేడ్

అక్కకు,

చెల్లెలు సుశీల నమస్కారాలు. ఇక్కడ మేమందరం క్షేమం. నీ మోకాలి నొప్పి ఎట్లా ఉందో వివరంగా రాయి. ఉత్తగా "బాగున్నాను" అంటే నేను నమ్మను.

కామారెడ్డి వదిలి మా రవి దగ్గరికి వచ్చి ఐదు నెలలైంది. వానలు ఇంకా ఆగలేదు. కోడలు చేసే జొన్నరొట్టె బాగుంటుంది కానీ ఇక్కడి చింతపండులో పులుపు లేదు. ఎవరైనా వస్తుంటే కొంచెం పంపు. మాట్లాడేందుకు మనిషి లేక రోజూ పొద్దున వాగు దాకా నడిచి వస్తున్నాను.

మనుమరాలు శ్రావణి బడి బస్సు ఆ వాగు మీది వంతెన దాటే పోతుంది. వంతెన కింది దూలానికి పగులు కనిపించిందని నెల కిందట ఒక ఇంజనీరు వచ్చాడు. పగులుకు అడ్డంగా సన్నని గాజుపట్టీ అంటించి, పక్కన తేదీ రాయించాడు. పగులు పెరిగితే గాజు విరుగుతుంది. ముప్పై ఏళ్లు బడిలో సైన్సు చెప్పినదాన్ని, ఆ మాత్రం తెలుసు. గాజు ఎట్లా ఉందో రోజూ చూసి పుస్తకంలో రాసుకున్నాను.

మధ్యలో జ్వరమొచ్చి పది రోజులు పోలేదు. పోయిన సోమవారం పోతే తేదీ అదే ఉంది, గాజు మాత్రం వేరు. ముందటి దానికి ఒక మూలన చిన్న బుడగ ఉండేది. దీనికి లేదు. ఎవరో మోసం చేస్తున్నారని రవికి చెప్పాను. "పాలాయన మీద అనుమానమే, వంతెన మీద అనుమానమే నీకు" అని నవ్విండు. నేను నవ్వలేదు. మర్నాడు శ్రావణిని బస్సు ఎక్కనివ్వలేదు. పరీక్ష ఉందని కోడలు ముఖం ముడుచుకుంది.

నేరుగా వంతెన దగ్గరికి పోయి కాపలా ఉండే రాజన్నను నిలదీశాను. దెగ్లూర్ వైపు మనిషి, మన మాటే మాట్లాడతాడు. ఎవరు డబ్బిచ్చి గాజు మార్పించారని అడిగితే బిత్తరపోయాడు.

"ఎవ్వరు ఇయ్యలే అమ్మా. పల్గితే సాబు నన్నే తిడ్తడని నేనే కొత్తది అంటిస్తున్న. గిప్పటికి మూడు పల్గినయి."

"అది ఎందుకు పెట్టిండ్రో నీకు చెప్పలేదా?"

"ఖరాబు కాకుంట చూస్కొమ్మన్నరు. చూస్కుంటున్న."

దొంగను పట్టుకున్నాననుకున్నాను, అక్కా. ఆయన తనకు చెప్పిన పని చెప్పినట్టే చేశాడు. పది రోజుల్లో మూడు గాజులు విరిగాయి, పిల్లల బస్సు రోజూ పైనుంచి పోతూనే ఉంది.

రవి చేత వెంటనే ఇంజనీరుకు ఫోన్ చేయించాను. ఆయన వచ్చి, రాజన్న చూపించిన ముక్కలు చేతిలోకి తీసుకుని ఒక్కొక్కటే చూశాడు. సాయంత్రానికల్లా వంతెనకు రెండు వైపులా బండరాళ్లు పెట్టించాడు. దగ్గరి దారి అని ఎవరైనా వాటిని జరుపుతారేమోనని నేను రోజూ పోయి చూస్తూనే ఉన్నాను.

బావగారికి నా నమస్కారాలు, పిల్లలకు దీవెనలు. మమ్మల్నందరినీ నువ్వు దీవించు. ఇప్పుడు బస్సు చుట్టూ తిరిగి పోతుంది. గంట ముందే లేవాల్సి వస్తోందని శ్రావణి నాతో మాట్లాడటం మానేసింది. మానేయనీ. రోజూ సాయంత్రం ఇంటికి వస్తోంది.

నీ చెల్లెలు
సుశీల