ఇంజన్ ఆపాక చెప్పవలసిన మాట

చిత్తూరు జిల్లా నగరిలో, మరమగ్గాల వీధిలో కాపురముంటున్న, కీర్తిశేషులు మునివెంకటప్ప గారి పెద్ద కుమారుడు వరదయ్య అనే నేను, యాభై ఆరేళ్ల వయసున, నా స్వహస్తంతో రాసి ఉంచిన వీలునామా ఏమనగా:

నా ఊపిరి సరిగా లేదు. మగ్గాల దూది ముప్పై ఏళ్లుగా లోపలికి పోయి అక్కడే కూర్చుందని మద్రాసు డాక్టరు చెప్పాడు. కాలు సరిగా లేదు. చెవులు అంతకు ముందే పోయాయి. మతి మాత్రం సరిగా ఉంది. ఇది ఎవరి ప్రోద్బలమూ లేకుండా రాస్తున్నాను. ప్రోద్బలం చేసి చూసిన మనిషి ఒకడున్నాడు, వాడి సంగతి మూడో అంశంలో వస్తుంది.

ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత పుత్తూరులో మోటారు సైకిళ్లు బాగుచేసే నా స్నేహితుడు ప్రేమానందానిది. అతను ఏ పనీ చెప్పిన రోజుకు ఇవ్వడు. ఈ పని ఇవ్వాలి.

1. నేను కాపురమున్న ఇల్లు, దాని వెనక షెడ్డు, అందులోని రెండు మరమగ్గాలు నా స్వార్జితం. ఇవన్నీ నా తదనంతరం నా భార్య జ్ఞానాంబకు సర్వహక్కులతో చెందవలెను. అమ్ముకున్నా, బాడుగకిచ్చుకున్నా, మగ్గాలు ఆపేసి తాళం వేసుకుని హాయిగా కూర్చున్నా అడిగే హక్కు ఎవరికీ లేదు. కాపురానికి వచ్చిన కొత్తలో ఆమె నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "ఈ సప్పుడు ఎప్పుడాగుతుంది?" అని. పండగ నాడు ఆగుతుందన్నాను. పండగ నాడు మావి ఆగాయి, పక్కింటివాళ్లవి ఆగలేదు. అప్పటినుంచి మేమిద్దరం అరుచుకుంటూనే మాట్లాడుకున్నాం. చూసేవాళ్లు పోట్లాడుకుంటున్నామనుకునేవారు.

2. నా పేర ఉన్న పాత రాజదూత్ మోటారు సైకిలు కూడా జ్ఞానాంబకే. పేరు మార్చే కాగితం మీద సంతకం చేసి ప్రేమానందం దగ్గర ఉంచాను.

ఈ బండి గురించి కాస్త ఎక్కువ రాయాలి. పలమనేరులో పాలు పోసే ఒకాయన దగ్గర కొన్నాను. పాల క్యాన్లు తగిలించే కొక్కేలు ఇంకా ఉన్నాయి. ఎండలో నిలబెడితే సీటు కింద నుంచి విరిగిన పాల వాసన వస్తుంది. ప్రేమానందం మడ్‌గార్డులు పైకెత్తి, సైలెన్సరు గొట్టాన్ని సీటు ఎత్తుకు లేపి, ముతక గళ్ల టైర్లు వేసి దాన్ని ఇసకలో పోయే బండిగా మార్చాడు.

ఇసక ఎందుకంటే, నూలు కొట్టువారు ఇచ్చిన ఒక క్యాలెండరులో ఎడారి బొమ్మ ఉండేది. కనుచూపు మేర ఇసక, ఒక్క మనిషి లేడు. ఏడాది అయిపోయినా జ్ఞానాంబ ఆ కాగితాన్ని షెడ్డు గోడకు అంటించుకుంది. "ఈడ మగ్గాలుండవు గదా?" అని నా చెవిలో అరిచి అడిగింది. ఉండవన్నాను. "అయితే ఈడికి పోదాం" అంది. ఆమె నన్ను అడిగిన కోరిక అదొక్కటే. నగలు అడిగివుంటే నా పని సులువయ్యేది.

మా కుశస్థలి ఏట్లో నీళ్లకంటే ఇసక కనబడే రోజులే ఎక్కువ. అందులోనే బండి తోలడం నేర్చుకుని, డెబ్భై ఎనిమిది చలికాలంలో ఇద్దరం బయలుదేరాం. దారి పొడుగునా నా చెవి దగ్గర నోరు పెట్టి "ఏమయ్యా, ఇంగెంత దూరముండాది?" అని అడిగేది. "ఇదో, వచ్చేసినాం" అనేవాణ్ణి. అనంతపురం దాటకముందు నుంచీ అదే జవాబు. జోధ్‌పూరు దాటాక మాత్రం అది దాదాపు నిజం. ఇంకొక్క రోజు పోతే ఇసక దిబ్బలు. "ఇదో, వచ్చేసినాం" అంటుండగానే గొర్రెల మంద అడ్డం వచ్చి పడ్డాం. ఆమెకు మోచేయి గీసుకుపోయింది. నాకు కాలు విరిగింది.

అక్కడి డాక్టరు మంచివాడు, పిండికట్టు వేస్తానన్నాడు. మా ప్రాంతం మనిషి ఏ దేశంలో ఎముక విరగ్గొట్టుకున్నా అతని నోట వచ్చే ఊరు పుత్తూరే. నేనూ కట్టంటే పుత్తూరు నాటువైద్యుల కట్టే అని మొండికేశాను. కాలికి రెండు బద్దలు కట్టించుకుని, బండిని రైలు సామాన్ల పెట్టెలో వేయించి, రైళ్లు మారుతూ వచ్చాను. పుత్తూరు చేరేసరికి ఆలస్యమైపోయింది. వాళ్లు చేయగలిగింది చేశారు, కాలు వంకరగానే నిలిచింది. ఆ రైలులో జ్ఞానాంబ నా కాలు ఒళ్లో పెట్టుకుని, కిటికీలోంచి మేము వచ్చిన వైపే చూస్తూ కూర్చుంది. ఒక్క మాట అనలేదు. ఇంతవరకూ అనలేదు. అనివుంటే నాకు బాగుండేది.

వంకర కాలితో కిక్కు కొట్టలేను. కొన్నాళ్లు ఆమె చీర దోపి కిక్కు కొట్టేది, నేను తోలేవాణ్ణి. తరువాత దమ్ము చాలక అదీ పోయింది. "నీ కాలు పోయిండాదిగానీ ఆయమ్మ కాలు పోలేదప్పా" అన్నాడు ప్రేమానందం. అలా అదే ఏటి ఇసకలో ఆమె నేర్చుకుంది. మొదట్లో పడింది, తరువాత పడలేదు. నేను వెనక కూర్చుని ఆమె భుజం మీద గడ్డం ఆనించి, "ఇంగెంత దూరముండాది?" అని అడిగేవాణ్ణి. ఆమె నవ్వేదే గాని జవాబు చెప్పేది కాదు.

3. నా తమ్ముడు దామోదరానికి మా నాయన నేసిన చేమగ్గం. వాడు చెడ్డవాడు కాదు. కాలు విరిగినప్పుడు నన్ను ఎత్తి మంచం మీద వేసింది వాడే. కానీ బండిని పాత ఇనుముకు వేయమని మనుషుల్ని వెంటబెట్టుకుని వస్తున్నాడు. "వదినమ్మ బండి తోలతా ఉంటే బజార్లో తలెత్తుకోలేకుండా ఉండాము, అమ్మేయన్నా" అంటున్నాడు. అందుకని స్పష్టంగా రాస్తున్నాను: ఆ బండి మీద వాడికి గాని, వాడి వారసులకు గాని ఏ హక్కూ లేదు. అడ్డుపడితే చేమగ్గం కూడా మా చెల్లెలికి పోతుంది. నేను మగ్గం దగ్గర చెవుల్లో పెట్టుకునే దూది డబ్బా కూడా వాడికే. జ్ఞానాంబ బండి స్టార్టు చేసినప్పుడు పనికొస్తుంది.

4. చెల్లెలు అలివేలమ్మ దారిలో తినమని వేరుశనగ ఉండలు పోసి ఇచ్చిన రేకు డబ్బా మా దగ్గరే ఉండిపోయింది. పడినప్పుడు ఒక పక్క సొట్టపోయింది. ఇచ్చిన గిన్నె ఖాళీగా తిరిగి పంపకూడదు గనుక ఇన్నాళ్లూ పంపలేదు. జ్ఞానాంబ ఎడారి నుంచి తిరిగి వచ్చాక దాన్ని నింపి ఇస్తుంది. అక్కడ ఏమీ దొరక్కపోతే ఇసక పోసి అయినా ఇస్తుంది. అలివేలు ఏమీ అనుకోదు.

5. నా పానాల పెట్టె ప్రేమానందానికి. అందులో సగం అతనివే.

6. నేను పోయాక సంవత్సరీకం అయ్యేదాకా ఆమె ఊరు కదలకూడదని మా వాళ్లంటారు. కదలాలని నేను రాస్తున్నాను. నా కర్మ ముగిశాక వచ్చే మొదటి చలికాలంలోనే బయలుదేరాలి. ఎండలు ముదిరితే ఆ ఇసక మీద కాలు పెట్టలేరట. ఏడాది ఆగితే ఆమెను ఆపడానికి నలుగురు తయారవుతారు. ప్రేమానందం తన బండి మీద తోడు పోవచ్చు. వెనకే పోవాలి, ముందు పోకూడదు.

వెనక సీటులో ఎవరినీ ఎక్కించుకోవద్దని రాయాలని నాకు చాలా ఉంది. రాయను. అది ఆమె ఇష్టం.

7. ఇది జ్ఞానాంబకు మాత్రమే. జ్ఞానా, ఆ క్యాలెండరు బొమ్మలాంటి తావు చేరాక ఇంజన్ ఆపు. ఆపిన వెంటనే కాదు, చెవుల్లో హోరు తగ్గేదాకా ఉండు. అప్పుడు వెనక్కి తిరిగి "ఇదో, వచ్చేసినాం" అని ఒక్క మాట చెప్పు. నీ మామూలు గొంతు ఎట్లా ఉంటుందో నేను సరిగా ఎరగను. అక్కడ అరవాల్సిన పని లేదు.

నగరి, 1985 సెప్టెంబరు 9, సోమవారం.

(సంతకం) ము. వరదయ్య

సాక్షులు:
1. జయరావు, తపాలా బంట్రోతు, నగరి (సంతకం)
2. తాయమ్మ, మా షెడ్డులో నూలు చుట్టే ఆమె (వేలిముద్ర)