ఒళ్లో సూపు గిన్నె

తమ్ముడు మెర్ల్‌కి,

పదహారేళ్లు నిండాయని నీ కూతురు కోరిన్‌కి కారు తాళం అప్పుడే ఇచ్చేయకు. మా అబ్బాయి రసెల్ కారు ప్రమాదంలో పోయినప్పుడు ఊరంతా మాకు వంటలు తెచ్చిందిగా, ఆ గిన్నెలు తిరిగివ్వడానికి కోరిన్‌ చేతే కారు నడిపిస్తున్నాను. ఉత్త గిన్నె ఇవ్వడం బాగోదని సూపు పోసి ఒళ్లో పెట్టుకుంటాను. మొదటి మలుపులోనే నా గౌనంతా తడిసింది.

"మూత పెట్టుకోవచ్చుగా అత్తా!"

"నువ్వు మెల్లగా తిప్పొచ్చుగా!"

నిన్న కంకర రోడ్డు మీద కూడా చుక్క ఒలకలేదు.

దానికి చెప్పకు, ఊళ్లోవాళ్ల గిన్నెలు తిరిగివ్వడం ఎప్పుడో అయిపోయింది. ఇప్పుడు నావే ఇచ్చి, తెచ్చి, మళ్లీ ఇస్తున్నాను. నా సూపు తాగలేక చస్తున్నారు పాపం. మంచు పడేదాకా ఓర్చుకోమన్నాను. ఆ జారుడు రోడ్డు మీద కూడా ఒలక్కపోతే తాళం ఇద్దువుగాని.

మా రసెల్ కారు నేర్చుకునేటప్పుడు పక్క సీటు ఖాళీగానే ఉండేది.

మీ అక్క